ఎడమవైపు మూత

నవంబరులో వచ్చే మార్టిన్ పండుగకి పెద్దబాతు కాల్చని ఇల్లు లెష్నా ఊళ్ళో లేదు. ఆ రోజుకి మంచు పడితే మార్టిన్ తెల్లగుర్రమెక్కి వచ్చాడంటారు. పడకపోతే గుర్రం ఎక్కడో కుంటుతోందంటారు. అలోయిస్ ఇంట్లో మంచు పడినా పడకపోయినా ఆ రోజు ఇంకో తంతు కూడా జరిగేది. బాతు అయిపోయి, ఎర్ర క్యాబేజీ గిన్నె అడుగంటాక అతను చేతులు కడుక్కుని గళ్ళ నోటుపుస్తకం తెచ్చుకునేవాడు. తన ఎర్ర జావా మోటారుసైకిలుకి ఆ చలికాలం ఏమేం చెయ్యాలో వరసగా రాసేవాడు. రాస్తున్నంతసేపూ బల్ల దగ్గర ఎవరూ కిక్కురుమనకూడదు. కావాలంటే పళ్ళెంలో మిగిలిన పిండిముద్దని నమలవచ్చు, అదీ చప్పుడు కాకుండా.

అలాంటి పుస్తకాలు అయిదు నిండి, ఆరోది నడుస్తోంది. "చక్రాల బేరింగులు. గొలుసు కిరోసిన్‌లో కడగాలి. సీటు కింద తుప్పు గీకాలి. పన్నెండు వోల్టుల లైటు, ఆలోచించాలి." అయిన పని పక్కన టిక్కు పెట్టేవాడు. మార్చిలో యోసెఫ్ పండుగ నాటికి పేజీ నిండా టిక్కులే ఉండేవి, ఒక్క ఆఖరి వరుస తప్ప. ఆ వరుస ఏళ్ళ తరబడి ఒకటే: "ఎడమ మూత, వచ్చే ఏడాది."

అలోయిస్ పోయి రెండేళ్ళవుతోంది. అతను పోయిన మొదటి చలికాలం ఎవరికీ ఆ పుస్తకం ముట్టుకునే ధైర్యం లేకపోయింది. జావా షెడ్డులో పాత దుప్పటి కింద అలాగే నిలబడింది. రెండో ఏడు మార్టిన్ పండుగకి కూతురు బ్లాంకా పట్నం నుంచి వచ్చింది. ఆమెకి యాభై ఒకటి. జిల్లా బస్సు నడుపుతుంది, వారానికి నాలుగు రోజులు ఈ ఊరి మీదుగానే పోతుంది. బాతు అయ్యాక తల్లి ఒతీలీ లేచి, అలమారులోంచి ఆరో పుస్తకం తీసి కూతురి ముందు పడేసింది.

"రాయి," అంది.

"ఏం రాయమంటావు?"

"ఏం చెయ్యాలో నీకే తెలుసు. అంత పెద్ద బస్సు నడుపుతావు, ఇదో లెక్కా?"

"బస్సుని నేను నడుపుతానమ్మా, విప్పను. విప్పేవాళ్ళు వేరే ఉన్నారు."

"అయితే మొదటిది నేను చెప్తాను, రాసుకో. మే నెల జాతరకి నన్ను యాన్ కొండ మీదికి బండి మీద తీసుకెళ్ళాలి. శిలువ దగ్గర దింపెయ్యడం కాదు, పైదాకా. కూర్చోబెట్టి."

బ్లాంకా పెన్సిలు పక్కన పెట్టింది. "అంటే క్లచ్చు బాగుచెయ్యాలి."

"చెయ్యి మరి."

"అంటే క్లచ్చు మీదున్న ఎడమ మూత తెరవాలి."

ఒతీలీ బల్ల మీది పిండి తునకలు అరచేత్తో ఒకచోటికి చేర్చింది. చాలాసేపు చేర్చింది.

"తెరువు. నా మోకాళ్ళు ఇంక ఆ కొండ నడవలేవు. డెబ్భై తొమ్మిదొచ్చాయి నాకు. వచ్చే ఏడాదీ వచ్చే ఏడాదీ అంటూ మీ నాన్న తన లెక్క తను చూసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఈ ఏడాదే కావాలి."

బ్లాంకా ఆ మాటే మొదటి వరుసలో రాసింది. దాని కింద పన్నెండు వోల్టుల లైటు, వెనక సీటుకి కొత్త తోలు, బ్రేకు కేబుళ్ళు వచ్చాయి. తండ్రి లాగా చెవి మీద పెన్సిలు పెట్టుకుని చూసుకుంది కానీ అది నిలవలేదు.

ఆ కొండ సంగతీ ఆ క్లచ్చు సంగతీ లెష్నాలో తెలియని వాళ్ళు లేరు. అలోయిస్ జీవితమంతా ట్రాక్టర్లు బాగుచేసే స్టేషన్లో పనిచేశాడు. ఇంజను మీద చెయ్యి వేస్తే చాలు, దాని జబ్బేమిటో అది తనే చెప్పుకునేది. చుట్టుపక్కల పది ఊళ్ళ వాళ్ళు పచ్చిక కోసే యంత్రాలూ కుట్టుమిషన్లూ మోసుకొచ్చేవాళ్ళు. ఒకసారి చర్చి ఆర్గన్ గాలితిత్తిని కూడా తోపుడుబండి మీద వేసుకొచ్చారు. అంత పనివాడు సొంత బండి క్లచ్చు మాత్రం బాగుచేసుకోలేదు. సమంగా ఉన్న రోడ్డు మీద జావా చక్కగా పోయేది. యాన్ కొండ సగం ఎక్కాక, రాతి శిలువ ఉన్న మలుపు దగ్గర, ఇంజను గుండెలు బాదుకునేది కానీ చక్రం కదిలేది కాదు. అప్పుడు అలోయిస్ వెనక్కి తిరగకుండానే "దిగండి" అనేవాడు.

తల్లీ కూతురూ దిగేవాళ్ళు. బరువు తగ్గిన జావా మూలుగుతూ పైకి పోయేది. వాళ్ళు జాతర బట్టల్లో, మంచి చెప్పుల్లో, వెనకనుంచి నడిచి వెళ్ళేవాళ్ళు. బ్లాంకాకి పద్నాలుగూ పదిహేనూ వచ్చిన ఏళ్ళలో ఆ నడక నరకంగా ఉండేది. పక్కనుంచి బళ్ళ మీద పోయే కుర్రాళ్ళు హారన్ కొట్టి, "ఏం బ్లాంకా, బండి మీ నాన్నది, కాళ్ళు నీవా?" అనేవాళ్ళు. పైన చర్చి గోడ పక్కన, లిండెన్ చెట్టు నీడలో అలోయిస్ బండి ఆపుకుని ఎదురుచూస్తూ ఉండేవాడు. రెండు చేతుల్లో రెండు గ్లాసుల ఎర్ర షర్బత్ పట్టుకుని, "వచ్చారా?" అనేవాడు. ఆ ఒక్క మాట తప్ప క్షమించమని గానీ, అలిసిపోయారా అని గానీ అడిగి ఎరగడు. ఒతీలీ గ్లాసు అందుకుని "వచ్చాం" అనేది. ఆమె ముఖంలో కోపం ఉండకపోవడం చూసి బ్లాంకాకి రెట్టింపు కోపం వచ్చేది.

కమ్మరి గుర్రానికి నాడాలుండవని ఊరంతా నవ్వుకుంది. ముప్ఫై అయిదేళ్ళు నవ్వుకుంది. చివరికి నవ్వే వాళ్ళకే విసుగొచ్చి మానేశారు.

మార్టిన్ పండుగ మర్నాడు బ్లాంకా జావాని చలికాలానికి సిద్ధం చేసింది. తుప్పు పట్టకుండా ట్యాంకు నిండా పెట్రోలు పోసింది. స్పార్కుప్లగ్గులు తీసి సిలిండర్లలో రెండేసి చెంచాల నూనె పోసి, గేరుకీ కిక్కుకీ ఒకటే అయిన ఆ లివరుని నాలుగుసార్లు నెమ్మదిగా తిప్పింది. చక్రాలు నేలకి ఆనకుండా దుంగలు పెట్టింది. బ్యాటరీని ఊరగాయ దోసకాయల సీసాల మధ్య చిన్నగదిలో పెట్టింది. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు పక్కన నిలబడి దీపం పట్టుకుంది, అంతే. చేతులకి గుర్తున్నాయి. షెడ్డులో నూనె వాసన, పాత ఉన్ని దుప్పటి వాసన, ఎక్కడో కాస్త అలోయిస్ పొగాకు వాసన కలిసి ముక్కుకి తగిలాయి. ఆమె దుంగ మీద కూర్చుండిపోయింది. నాన్న మీద బెంగ పుట్టింది. ఆ బెంగ వెనకే ఎప్పటిలాగే పాత కోపం కూడా వచ్చి కూర్చుంది.

ఆ కోపానికి నలభై రెండేళ్ళు. తొమ్మిదేళ్ళప్పుడు బ్లాంకా గీసిన బొమ్మకి జిల్లా బళ్ళన్నిటిలో మొదటి బహుమతి వచ్చింది. పెద్ద డ్రాయింగు కాగితం మీద, రంగుల్లో, ఎర్ర జావా ఎక్కి ముగ్గురూ యాన్ కొండ మీదికి పోతున్న బొమ్మ. పైన నీలం ఆకాశం, చర్చి కొన, గాలికి ఎగురుతున్న అమ్మ ఎర్ర తలగుడ్డ. బొమ్మ వెనక్కి తెచ్చి ఇంట్లో చూపిస్తే అలోయిస్ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు. "పొగగొట్టం ఒకటే వేశావు. దీనికి రెండుంటాయి," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. బొమ్మని వంటింటి సొరుగులో పెట్టారు. వారం తిరక్కుండా అది మాయమైంది. బ్లాంకా ఇల్లంతా వెతికి మూడు రోజులు ఏడ్చింది. నాన్నని అడిగితే తలొంచుకుని షెడ్డులోకి పోయాడు. పొగగొట్టం తప్పుందని పారేశాడనుకుంది. ఆ తర్వాత ఆమె బొమ్మ గియ్యలేదు. పంతొమ్మిదేళ్ళకి పనికోసం పట్నం వెళ్ళే రోజున గుమ్మంలో నిలబడి, "నీకు మనుషులకన్నా నట్లూ బోల్టులే ఎక్కువ నాన్నా," అని అనేసింది కూడా. అతను అప్పుడు క్లచ్చు కేబులు బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

డిసెంబరులో లుద్విక్ వచ్చాడు. అలోయిస్‌తో పాటు స్టేషన్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఎదురింటివాడు, నోటికి తాళం లేనివాడు. సంచీలోంచి క్లచ్ ప్లేట్లు, ఒక కొత్త గ్యాస్కెట్ తీసి బల్ల మీద పెట్టాడు. గ్యాస్కెట్ అంటే మూతకీ ఇంజనుకీ మధ్య నూనె కారకుండా పెట్టే కాగితం.

"ఇదుగో, ఫ్యాక్టరీ సరుకు. మా రోజుల్లో ఇది దొరకాలంటే ఎవరి పెళ్ళాం కొట్లో పనిచేస్తుందో కనుక్కుని, వాళ్ళకి కుందేలు మాంసం పట్టుకెళ్ళాల్సొచ్చేది," అన్నాడు.

"ఇప్పుడే విప్పేద్దామా బాబాయ్?"

"విప్పుతావు, విప్పుతావు. మీ అమ్మ గరిటె చూశావా?"

ఒతీలీ నిజంగానే గరిటె పట్టుకుని ఉంది. పొయ్యి మీద వెనిల్లా బిస్కెట్ల పళ్ళేలు మూడు వరసల్లో ఉన్నాయి. "ముగ్గురు రాజుల పండుగ దాటేదాకా నా వంటింట్లోకి ఒక్క బోల్టు కూడా రావడానికి వీల్లేదు," అంది. "ఒక క్రిస్మస్‌కి ఈ మహానుభావుడూ మీ నాన్నా కలిసి ఓవెన్లో బేరింగు కాచారు. ఆ ఏడాది బిస్కెట్లు తిన్న ఫాదరుకి జనవరి అంతా పెట్రోలు తేన్పులే."

"ఆయన బాగున్నాయనే అన్నాడు కదా," అన్నాడు లుద్విక్.

"ఫాదరు కాబట్టి అన్నాడు."

లుద్విక్ ఒక బిస్కెట్ నోట్లో వేసుకుని గొంతు తగ్గించాడు. "ఒకటి చెప్తానే బ్లాంకా. ఆ మూత నేనే విప్పుతానని ఎన్నిసార్లు బతిమాలానో. ఒరేయ్ అలోయిస్, నాలుగు గంటల పనిరా, నీ పెళ్ళాం కాళ్ళు చూడరా అన్నాను. ఒకసారి స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నా. కొట్టలేదు. 'అది నా కూతురిది, ముట్టుకోకు' అన్నాడు. మోటారుసైకిలు నీకిస్తాననేమో అనుకున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీ నాన్న ఎవరికి ఏం చెప్పాడు గనుక?"

ఒతీలీ అప్పుడు ఓవెన్ తలుపు తెరిచి లోపలికి వంగి చూస్తోంది. బిస్కెట్లు కావడానికి ఇంకా టైముంది.

ఆ రోజు సాయంత్రం బ్లాంకా ఆరు పుస్తకాలూ తిరగేసింది. ఎడమ మూత మొదటిసారి ఎక్కడ వచ్చిందో చూద్దామనుకుంది. రెండో పుస్తకంలో దొరికింది. ఆ ఏడాదికి తనకి తొమ్మిదేళ్ళు. క్లచ్చు జారడం మొదలైంది ఆ తర్వాత నాలుగేళ్ళకి. బండికి ఏ రోగమూ లేని రోజుల్లో మూత సంగతి ఎందుకు రాశాడో ఆమెకి అర్థం కాలేదు. నాన్న చాదస్తం అనుకుని పుస్తకం మూసేసింది.

జనవరిలో ముగ్గురు రాజుల పండుగ దాటిన శనివారం మధ్యాహ్నం బ్లాంకా, లుద్విక్ కలిసి ఇంజను దింపి వంటింట్లోకి మోసుకొచ్చారు. బయట మైనస్ పన్నెండు. షెడ్డులో పానా ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతాయి. బల్ల మీద రబ్బరు గుడ్డ, దాని మీద పాత పేపర్లు, వాటి మీద ఇంజను. లుద్విక్ నడుం పట్టేసి, తిట్టుకుంటూ ఇంటికి పోయాడు. ఒతీలీ కిటికీ దగ్గర స్టూలు మీద బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది.

బ్లాంకా నూనె పళ్ళెంలోకి వంపింది. లివరు ఊడదీసింది. అయిదు మరలు విప్పింది. చెక్క సుత్తితో మూత చుట్టూ మెల్లగా తట్టింది. మూత కదల్లేదు. ఇంకోసారి తట్టింది. తల్లి చేతిలో కత్తి ఆగిపోవడం ఆమె చూడలేదు. మూడోసారికి చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడుతో మూత ఊడి చేతిలోకి వచ్చింది.

క్లచ్ ప్లేట్లు నల్లగా, అద్దంలా అరిగిపోయి ఉన్నాయి. రోగం అక్కడే ఉంది. ఆమె ముందు వాటినే చూసింది. తర్వాత మూత అంచుకి అంటుకున్న గ్యాస్కెట్ గీకెయ్యడానికి కత్తి తీసింది. గీకబోయి ఆగింది. ఇంజనులో మిగతా కాగితాలన్నిటికీ అలోయిస్ జిగురు పూశాడు. దీనికి మాత్రం రెండువైపులా గ్రీజు రాసి ఉంది. మళ్ళీ ఒకరోజు చిరక్కుండా తీసుకోవాలనుకున్నవాడే అలా రాస్తాడు. ఆమె కత్తి కింద పెట్టి, గోటితో ఒక కొస లేపి చూసింది. కాగితం మెత్తగా వచ్చేసింది. చుట్టూరా, ఒక్కచోట చిన్న చిరుగుతో, మొత్తం వచ్చేసింది.

దీపం కింద తిప్పి చూసింది. నూనెకి పసుపు తిరిగిన నీలం. నీలంలో చర్చి కొన. ఆ పక్కన, వేలి వెడల్పున, గాలికి ఎగురుతున్న ఎర్ర గుడ్డ కొస. కింద పచ్చగడ్డి, సగం చక్రం. మధ్యలో ఏమీ లేదు. చుట్టూ అంచు మాత్రమే.

బ్లాంకా కుర్చీ కోసం చెయ్యి చాపింది. కుర్చీ అందక, బల్ల కోడుకి ఆనుకుని నేల మీదే కూర్చుంది.

"చిరిగిందా?" అని ఒతీలీ కిటికీ దగ్గరనుంచే అడిగింది.

"అమ్మా, ఇది..."

"తెలుసు. చిరిగిందా అని అడుగుతున్నాను."

"లేదు. ఒక్కచోట. కొంచెం."

ఒతీలీ కత్తీ దుంపా గిన్నెలో వేసి, తడిచేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"కిక్కు స్ప్రింగు విరిగింది ఆ వారం. మర్నాడే జాతర," అని మొదలుపెట్టింది. "మూత విప్పితే పాత కాగితం ముక్కలైపోయింది. కొట్లో కొత్తది లేదు. ఆ సొరుగులో గట్టి కాగితం కనిపించింది, తెల్లగా ఉందని తీశాడు. బోర్లా ఉందే అది. వెనకవైపే చూశాడు. మూత మీద పరిచి, అంచు చుట్టూ చిన్న సుత్తితో కొట్టి కోశాడు. మధ్య ముక్క ఊడొస్తే పొయ్యిలో వేశాడు. అప్పుడు తిప్పి చూశాడు."

"నువ్వక్కడే ఉన్నావా?"

"నువ్వు కూర్చున్న చోటే నిలబడి ఉన్నాను. పొయ్యిలో చెయ్యి పెట్టాడు, చూశావా ఎప్పుడైనా, ఆ ఎడమచేతి మచ్చ? ట్రాక్టరు వల్ల అని చెప్పాడు మీ అందరికీ. అందలేదు, కాలిపోయింది."

బ్లాంకా ఆ మచ్చని వెయ్యిసార్లు చూసింది. ఆస్పత్రి మంచం మీద ఆఖరి రోజుల్లో ఆ చెయ్యే పట్టుకుని కూర్చుంది.

"మరెందుకు చెప్పలేదు? నాకు తొమ్మిదేళ్ళు. పొరపాటున జరిగిందంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని."

"చెప్తానన్నాడు. నువ్వు చెప్పకు ఒతీలీ, నేనే చెప్తాను అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ముందు కొత్త కాగితం దొరకనీ, ఇది తీసి చేతిలో పెట్టి చెప్తానన్నాడు. అందుకే గ్రీజు రాశాడు. కాగితం దొరకడానికి మూడేళ్ళు పట్టింది. అప్పటికి నువ్వు ఆయనతో సరిగ్గా మాట్లాడటమే మానేశావు. ఆపైన క్లచ్చు జారడం మొదలైంది. ఇప్పుడు తీస్తే ముక్కలైపోతుంది, మిగిలిన ఆ కాస్తా పోతుంది అన్నాడు. ఏటేటా బాతు తిన్నాక, ఈసారి తీస్తానని కూర్చునేవాడు. కూర్చుని వచ్చే ఏడాది అని రాసేవాడు. యంత్రంతో అయితే మాట్లాడేవాడు. మనుషులతో ఆయనకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు."

"నువ్వెందుకు ఊరుకున్నావు? ముప్ఫై అయిదేళ్ళు కొండ నడిచావు కదమ్మా."

"తెరిస్తే చిరిగిపోతుందన్నాడు. అయితే నడుస్తాలే అన్నాను."

ఆ మాట ఒతీలీ ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అంది. తర్వాత లేచి, కుంటుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, కాగితాన్ని అందుకుని దీపానికి అడ్డంగా పట్టింది. గ్రీజు ఇంకా మెత్తగానే ఉంది. కాగితం ఎక్కడా పెళుసెక్కలేదు. ఆమె వేలితో చుట్టూ తడిమి చూసింది.

"ఇంత తేలిగ్గా వచ్చిందా?"

"గోటితో వచ్చేసింది."

"అయితే నేను ఊరికే నడిచానన్నమాట," అని ఒతీలీ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి బల్ల పట్టుకుంది. "చూశావా ఆ మనిషి పనితనం. ఆయన పెట్టిన గ్రీజు మీద ఆయనకే నమ్మకం లేకపోయె." అంటూండగానే నవ్వు ఎక్కడో ఏడుపులోకి జారింది. బ్లాంకా నేల మీదనుంచే తల్లి నడుముని రెండు చేతులతో చుట్టేసింది. నట్లూ బోల్టులే ఎక్కువ అన్న తన మాట ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే వినేవాడు లేడు. తను కూడా ఏటేటా పండుగకి వచ్చింది, బాతు తింది, ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. మొండితనం తనకి ఎవరి దగ్గరనుంచి వచ్చిందో అందరికీ తెలిసిందే.

మర్నాడు లుద్విక్ వచ్చి చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు. తర్వాత ఫ్యాక్టరీ గ్యాస్కెట్ ముందుకు తోశాడు. బ్లాంకా అది తీసుకోలేదు.

"బాబాయ్, ఊళ్ళో కొట్లో పెద్ద డ్రాయింగు కాగితం దొరుకుతుందా?"

"నీకు పిచ్చా? ఇది సరిగ్గా కోసి ఉంది."

"దొరుకుతుందా లేదా చెప్పు."

దొరికింది. రంగులు కూడా దొరికాయి. ఆదివారం మధ్యాహ్నమంతా ఇంజను పక్కన కూర్చుని, నలభై రెండేళ్ళ తర్వాత, నాలుక చివర బయటపెట్టి, బ్లాంకా ఒక బొమ్మ గీసింది. చర్చి కొన పక్కకి ఒరిగింది. అమ్మ తలగుడ్డ కోడిపుంజు తోకలా వచ్చింది. బండికి మాత్రం పొగగొట్టాలు రెండు వేసింది. తర్వాత కాగితాన్ని మూత మీద పరిచి, బొమ్మ పైకి కనబడేట్టే పెట్టి, తండ్రి చిన్న సుత్తితో అంచు చుట్టూ తట్టి కోసింది. కొత్త అంచుకి గ్రీజు రాసి ఇంజనులో పెట్టింది. ఊడొచ్చిన మధ్య ముక్కని తెల్ల అట్ట మీద అంటించి, దాని చుట్టూ పాత అంచుని అమర్చింది. చక్రం కాస్త అతకలేదు. మిగతాదంతా అతికింది. ఇప్పుడది వంటింట్లో, చిన్నగది తలుపు పక్కన ఉంది. అది చూసి లుద్విక్, "ఇలాంటి పనులు చేస్తే నూనె కారుతుంది చూస్తూ ఉండు," అన్నాడు. ఇప్పటివరకు కారలేదు.

యోసెఫ్ పండుగ నాటికి పేజీలో, జాతర గురించిన మొదటి వరుస తప్ప, అన్నిటికీ టిక్కులు పడ్డాయి. పన్నెండు వోల్టుల లైటుకి ఎదురింటి పిల్లి పారిపోయింది. ఆఖరి వరుసలో బ్లాంకా ఎడమ మూత అని రాసి, టిక్కు పెట్టి, పక్కన తేదీ వేసింది.

మే నెలలో జాతర ఆదివారం పొద్దున్న ఒతీలీ ఎర్ర తలగుడ్డ కట్టుకుని, వంటింటి స్టూలెక్కి వెనక సీటు మీద కూర్చుంది. ఇప్పుడు జాతరలో ఫాదరు మోటారుసైకిళ్ళ మీద తీర్థం కూడా చల్లుతాడు, అందుకని దారంతా బళ్ళే. కొండ మొదట్లో బ్లాంకా గేరు తగ్గించింది. ఆపిల్ పూల వాసనలో రెండు పొగగొట్టాల పొగ కలిసింది. శిలువ మలుపు దగ్గరికి వచ్చేసరికి భుజం మీద తల్లి చెయ్యి బిగిసింది. ఓరగా చూస్తే ఒతీలీ అలవాటుకొద్దీ ఒక కాలు అప్పటికే కిందికి దింపేసింది.

"కాలు పైకి పెట్టమ్మా."

"ఆఁ?"

"పోతున్నాం. పైకి పెట్టు."

జావా మూలగలేదు. మలుపు తిరిగి, శిలువని వెనక్కి వదిలి, ఆగకుండా పైకి పోయింది. పక్కన నడిచే వాళ్ళలో ముసలివాళ్ళు కొందరు ఆగిపోయి చూశారు. ఎవరో టోపీ ఎత్తారు.

పైన చర్చి గోడ పక్కన, లిండెన్ చెట్టు కింద బ్లాంకా బండి ఆపింది. చుట్టూ డప్పులు, అల్లం రొట్టెల వాసన, వరసగా నిలబెట్టిన బళ్ళు. ఆమె పరుగున వెళ్ళి రెండు గ్లాసుల ఎర్ర షర్బత్ తెచ్చింది. ఒతీలీ ఇంకా సీటు మీదే కూర్చుని, గోడ పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపే చూస్తోంది.

బ్లాంకా వెళ్ళి ఆ చోటే నిలబడింది. రెండు గ్లాసులూ ముందుకు చాపింది.

"వచ్చావా అమ్మా?"

ఒతీలీ గ్లాసు అందుకుంది. తాగలేదు.

"వచ్చాను," అంది. "కూర్చునే వచ్చాను. కానీ పైన ఆయన ఎదురుచూస్తూ ఉంటే, నడకే బాగుండేదే."